తిరిగి రానీయని టిక్కెట్టు

పొమ్మనలేక పొగబెట్టుట యను సామెత మన పల్లెలలో ఎరుగనివారుండరు. ఒక గొప్ప రాజ్యము ఆ పనినే శాసనరూపమున చేసిన కథ యొకటి ఇటీవలి చరిత్రయందు కలదు.

1898లో స్పెయిన్‌పై గెలుపొందిన అమెరికాకు ఫిలిప్పీను దీవులు స్వాధీనమైనవి. ఆ దీవులవారు అమెరికా పౌరులు కారు, విదేశీయులును కారు. 'జాతీయులు' అను నడిమి హోదా వారికి దక్కినది. అది అరకొర హోదాయే యైనను దానివలన ఒక మేలు కలదు. అమెరికాకు పోవుటకును, ఇల్లు చూచి మరల వచ్చుటకును వారికి అడ్డు లేకుండెను. 1930 జనాభా లెక్కలనాటికి అమెరికా ప్రధాన భూభాగమున సుమారు 45,000 మంది ఫిలిప్పీనీయులు నివసించుచుండిరి. వారిలో పెక్కురు యువకులు; కాలిఫోర్నియా తోటలలోను, అలాస్కా చేపల కర్మాగారములలోను కూలికి కుదిరినవారు.

ఇంతలో ఆర్థికమాంద్యము వచ్చిపడెను. పనులు తగ్గినకొలది తెల్లవారి ద్వేషము పెరిగెను. 1930 జనవరిలో వాట్సన్‌విల్ పట్టణమున చెలరేగిన అల్లరులలో ఫెర్మిన్ తొబేరా యను యువకుడు తుపాకి గుండుకు బలియయ్యెను.

1934లో టైడింగ్స్-మెక్‌డఫీ చట్టము వెలువడెను. పదేండ్ల సంధికాలము ముగిసిన పిదప దీవులకు స్వాతంత్ర్యమిత్తుమని అది వాగ్దానము చేసెను. కాని వలస విషయమున వారిని ఆ యేడే విదేశీయులుగా పరిగణించి, ఏటికి 50 మందికి మాత్రమే ప్రవేశము కల్పించెను. స్వాతంత్ర్యమునకు గడువు కలదు. పరాయితనమునకు గడువు లేదు!

మరుసటి యేడు, 1935 జూలై 10న, స్వదేశ ప్రత్యాగమన చట్టము వచ్చెను. ఇల్లు చేరగోరు ఫిలిప్పీనీయులకు రైలు, ఓడ ఛార్జీలను ప్రభుత్వమే భరించును. నిర్బంధమేమియు లేదు. కాని అందొక నియమము కలదు. ఈ సహాయము పొందినవాడు ఆ 50 మంది లెక్కలో చోటు దొరకిననే తప్ప అమెరికా ప్రధాన భూభాగమునకు మరల రారాదు. అనగా ఆ టిక్కెట్టు వెల డాలర్లు కాదు, పునఃప్రవేశపు హక్కు.

పని లేదు, పూటకు గింజలు లేవు, ఊరిలో తల్లిదండ్రులు ఎదురు చూచుచున్నారు. అట్టివానికి ఉచిత ప్రయాణము ఎంతటి ఆశ! అయినను చట్టము అమలులోనున్న యేండ్లన్నిటను ఓడ యెక్కినవారు సుమారు 2,200 మందియే. నూటికి అయిదుగురైనను లేరు. తక్కినవారు ఆకలికైన ఓర్చిరి గాని, మూయబడనున్న తలుపును దాటరైరి.

1946 జూలై 2న లూస్-సెల్లర్ చట్టము ఫిలిప్పీనీయులకును, వారితోపాటు మన భారతీయులకును అమెరికా పౌరసత్వము పొందు హక్కు నిచ్చెను. ఏటికి నూరుగురేసి చొప్పున ప్రవేశము కల్పించెను. రెండు దినములకు ఫిలిప్పీను స్వతంత్రమయ్యెను. దేశమునుబట్టి కోటా విధించు పద్ధతియే 1965 నాటి చట్టముతో రద్దునకు వచ్చెను.

చట్టమును చదువునపుడు అది ఇచ్చునదేమో చూచినచో చాలదు, పుచ్చుకొనునదేమో కూడ చూడవలెను. ఈ వివేకమును ఆ తోటకూలీలు ఏ కళాశాలలోను నేర్చినవారు కారు.