దుర్బల ఘడియలో బేరం: ప్రకటనల వ్యాపారంపై షరీఅత్ దృష్టి

వర్తకుడు తన సరుకును గురించి నలుగురికీ చెప్పుకోవడం షరీఅత్‌లో తప్పు కాదు. సరుకులో మంచి ఉంటే ఆ మంచిని చెప్పవచ్చు, లోపముంటే ఆ లోపాన్నీ చెప్పాలి. ప్రకటనలను గురించిన పాత చర్చ చాలావరకు ఈ రెండు మాటలతోనే ముగిసేది. ప్రకటన నిజమా, అబద్ధమా అన్నదే అప్పటి ప్రశ్న. నేడు దానికి తోడు మరొక ప్రశ్న తలెత్తింది. ప్రకటనలో ఒక్క అబద్ధమూ లేదనుకుందాం. కాని మనిషి మనసు డీలాపడిన ఘడియను కనిపెట్టి, సరిగ్గా ఆ ఘడియలోనే అది అతని ముందుకు వచ్చింది. అటువంటి అమ్మకం ధర్మసమ్మతమేనా? ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయమిది.

ఘడియను కనిపెట్టే విధానం

పత్రికలోని ప్రకటన గాని, గోడమీది రాత గాని చూసేవారందరికీ ఒక్కటే. ఎవరు ఏ స్థితిలో ఉండి చదువుతున్నారో అంగడివానికి తెలియదు. ఫోనులో కనిపించే ప్రకటన అలాంటిది కాదు. మనం ఏ మాటలు టైపు చేసి వెతికాము, ఏ పేజీ మీద ఎంతసేపు ఆగాము, రాత్రి ఏ వేళదాకా మేలుకొని ఉన్నాము అనే వివరాలు పోగవుతూ ఉంటాయి. మనం ఒక పేజీ తెరిచేలోగా, సెకనుకన్న తక్కువ వ్యవధిలో, అందులోని ప్రకటన స్థలానికి వేలంపాట జరిగిపోతుంది. ఎక్కువ పాడినవారి ప్రకటన మన కంటబడుతుంది. పైకి చూస్తే అక్కడ అమ్ముడైనది కాగితమంత జాగా. నిజానికి అమ్ముడైనది ఒక మనిషి యొక్క ఒక ఘడియ. బిడ్డ ఆసుపత్రిలో ఉండగా అర్ధరాత్రి అప్పు కోసం వెతికే తండ్రి, సంతానం కలుగలేదని కుమిలిపోతూ చికిత్సల గురించి చదివే ఇల్లాలు, పరీక్ష తప్పిన కుర్రవాడు: వీరి వెతుకులాట ఎవరికో ఒకరికి వ్యాపార సూచనగా మారుతున్నది.

ఇది ఊహ మాత్రమే కాదు. 2017 మే నెలలో ‘ది ఆస్ట్రేలియన్’ అనే దినపత్రిక, ఫేస్‌బుక్ సంస్థకు చెందిన ఒక అంతరంగిక పత్రాన్ని గురించిన వార్త ప్రచురించింది. పద్నాలుగేళ్ల పిల్లలు సైతం ఎప్పుడు ఆందోళనలో ఉన్నారో, ఎప్పుడు తాము పనికిరానివారమని భావిస్తున్నారో గుర్తించవచ్చునని ఆ పత్రంలో ఉన్నట్లు ఆ వార్త తెలిపింది. మనోభావాలను బట్టి ప్రకటనలు చూపే సాధనమేదీ తాము వ్యాపారులకు ఇవ్వడం లేదని సంస్థ వివరణ ఇచ్చుకున్నది. ఆ వివరణను యథాతథంగా అంగీకరించినా, మనసు కుంగిన క్షణాన్ని యంత్రం ద్వారా పసిగట్టవచ్చునన్న సంగతి లోకానికి తెలిసిపోయింది. 2023లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంస్థ, మానసిక చికిత్సను ఇంటర్నెట్ ద్వారా అందించే బెటర్‌హెల్ప్ అనే కంపెనీపై చర్య తీసుకొన్నది. చికిత్స కోరి వచ్చినవారి సమాచారాన్ని ప్రకటనల నిమిత్తం ఇతర సంస్థలకు అందజేసిందని అభియోగం. 78 లక్షల డాలర్లు చెల్లించడానికి ఆ కంపెనీ ఒప్పుకున్నది.

అంగీకారం అంటే ఏమిటి?

దీనికి వ్యాపారులు ఒక సమాధానం చెబుతారు: “మేము ఎవరినీ బలవంతపెట్టలేదు. ఇష్టపడే కొన్నారు.” ఈ వాదాన్ని తేలికగా తీసివేయరాదు. అన్నిసా సూరా 29వ ఆయత్ ప్రకారం వర్తకానికి పునాది పరస్పర అంగీకారమే. అయితే ఆ అంగీకారం నోటితో ‘సరే’ అన్నంత మాత్రాన పూర్తయ్యేది కాదని దైవప్రవక్త (స) బోధనల వలన స్పష్టమవుతుంది.

ఆనాడు బయటి ప్రాంతాల బిడారులు సరుకుతో పట్టణానికి వచ్చేవి. కొందరు వర్తకులు వాటికి దారిలోనే ఎదురేగి, సంత ధర తెలియకముందే సరుకు కొనివేసేవారు. దైవప్రవక్త (స) దీనిని నిషేధించారు. సంతకు చేరి ధర తెలుసుకున్న తరువాత బేరాన్ని రద్దు చేసుకొనే హక్కు సరుకు యజమానికి ఇచ్చారు. ఇక్కడ కొన్నవాడు అబద్ధమాడకపోవచ్చు, అమ్మినవాడు సమ్మతించే ఉండవచ్చు. అయినా వారింపు వచ్చింది. ఎదుటివాడు వివరం తెలుసుకొనే చోటికి చేరకముందే అతన్ని పట్టుకోవడమే అక్కడి తప్పు.

హజ్రత్ హబ్బాన్ బిన్ మున్‌ఖిజ్ (రజి) ఉదంతం మరొకటి. తలకు తగిలిన గాయం వలన ఆయన బేరాలలో తరచు మోసపోయేవారు. బేరం చేసేటప్పుడు ‘ఇందులో వంచన ఉండరాదు’ అని ముందే చెప్పమని దైవప్రవక్త (స) ఆయనకు నేర్పారు. ఆలోచించుకొనేందుకు మూడు రోజుల వ్యవధి కూడా కల్పించినట్లు కొన్ని ఉల్లేఖనాల్లో ఉన్నది. బలహీనుణ్ణి సంత నుండి వెళ్లగొట్టలేదు, సంతనే అతనికి అనువుగా సవరించారు.

ఉద్రేకం బుద్ధిని కమ్మివేస్తుందన్న సంగతినీ షరీఅత్ గుర్తించింది. కోపంగా ఉన్న వేళ తీర్పు చెప్పవద్దని న్యాయమూర్తిని దైవప్రవక్త (స) వారించారు. ధర్మశాస్త్రజ్ఞులు ఈ ఆదేశాన్ని ఆకలికి, తీవ్రమైన దుఃఖానికి, నిద్రమత్తుకు కూడా వర్తింపజేశారు. విద్యావంతుడైన న్యాయమూర్తి మాటే ఇట్లా ఉంటే, గుండె చెదిరిన సామాన్యుడు అర్ధరాత్రి చేసే బేరం సంగతి వేరే చెప్పాలా?

ఇక్కట్లలో ఉన్నవానితో వ్యాపారం

మన చర్చకు అన్నిటికన్న దగ్గరగా ఉన్నది ‘ముజ్‌తర్’ అమ్మకం, అనగా గతిలేని స్థితిలో ఉన్నవానితో చేసే బేరం. అటువంటి బేరాన్ని దైవప్రవక్త (స) వారించారని హజ్రత్ అలీ (రజి) చెప్పినట్లు అబూదావూద్ సంకలనంలో ఒక ఉల్లేఖనం ఉన్నది. దాని పరంపరలో ఒక వ్యక్తి పేరు తెలియకపోవడం వలన హదీసువేత్తలు దానిని బలహీనమైనదిగా పరిగణించారు. అయినా దాని భావాన్ని ధర్మశాస్త్రజ్ఞులు విస్తారంగా చర్చించారు. హిజ్రీ 388లో మరణించిన ఇమామ్ ఖత్తాబీ అందులో రెండు రకాలు చూపారు. బలవంతాన చేయించిన బేరం అసలు చెల్లదు. అప్పుల వలన, ఇబ్బందుల వలన నష్టానికి తెగనమ్ముకొనే బేరం చట్టరీత్యా చెల్లుతుంది గాని, అది ఇష్టమైన పని కాదు. అటువంటివానికి అప్పిచ్చి, గడువిచ్చి ఆదుకోవాలి. అక్కడ ఇక్కట్లలో ఉన్నవాడు అమ్మేవాడు, నేటి ప్రకటనల విషయంలో కొనేవాడు. పాత్రలు తారుమారైనా ధర్మం ఒక్కటే.

ఇమామ్ గజాలీ అభిప్రాయం

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. క్రీ.శ. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ తమ ‘ఇహ్యా’ గ్రంథంలో ఈ విషయాన్ని ప్రస్తావించారు. కొనేవాడు తీవ్రమైన కోరిక వలన గాని, తక్షణ అవసరం వలన గాని మామూలుకన్న ఎక్కువ ఇస్తానంటే, దానిని స్వీకరించకపోవడం ఇహ్సాన్, అనగా ఉత్తమ నడవడి అన్నారు. కాని మోసం లేనంతవరకు ఆ అధికాన్ని తీసుకోవడం దౌర్జన్యం కాదని కూడా అన్నారు. ఆ సందర్భంలోనే బస్రా వర్తకుడు యూనుస్ బిన్ ఉబైద్ కథ చెప్పారు. ఆయన అంగట్లో లేనప్పుడు, 200 దిర్హముల వస్త్రాన్ని ఆయన అన్న కుమారుడు ఒక ఎడారివాసికి 400కు అమ్మాడు. దారిలో ఆ మనిషి ఎదురుపడగా, యూనుస్ అతన్ని వెనక్కు తెచ్చి 200 తిరిగి ఇచ్చివేశారు. “అతడు ఇష్టపడే కొన్నాడు గదా!” అన్న కుర్రవానితో, నీకోసం కోరుకొనేదే అతనికోసమూ కోరవలదా అని మందలించారు.

మరి నేటి ప్రకటనదారు కూడా ఇహ్సాన్‌ను మాత్రమే వదిలాడనీ, దౌర్జన్యం చేయలేదనీ అనవచ్చునా? అనరాదని మా అభిప్రాయం. గజాలీ చెప్పిన కొనుగోలుదారు తన కోరికను తానే వెంటబెట్టుకొని అంగడికి వచ్చాడు. వర్తకుడు అతని ఇంట్లోకి తొంగిచూడలేదు. నేటి వ్యాపారి ఇంటిలోని దుఃఖాన్ని వెతికి పట్టుకొని, అది ఉపశమించకముందే ఎదురేగుతున్నాడు. ఇది యూనుస్ అంగడికన్న బిడారులకు ఎదురేగడానికే దగ్గరగా ఉన్నది. పైగా ఇతరుల గుట్టు ఆరా తీయరాదన్న అల్‌హుజురాత్ సూరా 12వ ఆయత్ ఆదేశం కూడా ఇందులో భంగమవుతున్నది. కనుక ఇది ఇహ్సాన్ పరిధిని దాటి న్యాయ పరిధిలోకి వచ్చిన ప్రశ్న. బేరం చట్టరీత్యా చెల్లినా, వ్యాపారి పాపభారం నుండి తప్పించుకోలేడు.

హద్దు ఎక్కడ?

దుఃఖంలో ఉన్నవారికి ఏదైనా అమ్మడమే తప్పని దీని భావం కాదు. ఆసుపత్రి దగ్గర మందుల దుకాణం, శ్మశానం దగ్గర కఫన్ బట్టల అంగడి ఉండడం సేవయే. హద్దును గుర్తించడానికి మూడు ప్రశ్నలు సరిపోతాయి. కొనేవాని స్థితి మనకు ఎలా తెలిసింది, అతడు చెప్పగానా, చాటుగా కనిపెట్టగానా? అమ్మే వస్తువు ఆ కష్టాన్ని తీర్చేదా, కష్టాన్ని అడ్డుపెట్టుకొని అంటగట్టేదా? మనసు కుదుటపడిన తరువాత కూడా అతడు ఆ ధరకు ఆ వస్తువును కొనేవాడేనా? మూడింటికీ నిజాయితీగా జవాబు చెప్పగలిగిన వర్తకునికి భయం లేదు.

ప్రభుత్వాలు కూడా ఈ దిక్కున కదిలాయి. మైనర్ల వ్యక్తిగత వివరాలను బట్టి వారికి ప్రకటనలు చూపడాన్ని ఐరోపా సమాఖ్య 2022 నాటి చట్టంలో నిషేధించింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా పిల్లల విషయంలో ఇటువంటి నిబంధననే చేర్చింది. అదే సంవత్సరం నవంబరులో జారీ అయిన మార్గదర్శకాలు, ‘ఇక కొద్ది నిమిషాలే’ వంటి బూటకపు తొందరను, కొననివారిని సిగ్గుపరచే మాటలను తప్పుగా పేర్కొన్నాయి. ఫోను ద్వారా అప్పు తీసుకొన్నవారు పునరాలోచించుకొని, జరిమానా లేకుండా వెనుదిరిగే వ్యవధి ఉండాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. 2020 చివరలో తెలంగాణలో అప్పుల యాప్‌ల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకొన్న సంగతి ఎరిగినవారికి ఈ వ్యవధి విలువ తెలుస్తుంది. హబ్బాన్ (రజి)కు లభించిన గడువులోని వివేకమే ఇందులోనూ కనిపిస్తుంది. అయితే వ్యక్తిగత వివరాలను బట్టి చూపే ప్రకటనల విషయంలో ఈ చట్టాల రక్షణ ముఖ్యంగా పిల్లల వరకే. పెద్దవారి శోకానికి, ఒంటరితనానికి చట్టం ఇంకా పూర్తిగా కాపు కాయడం లేదు. ఆ ఖాళీని నింపవలసినది వర్తకుని దైవభీతియే.

నేడు చిన్న బట్టల దుకాణదారు కూడా ఫోనులో ప్రకటన ఇస్తున్నాడు. ఎవరికి చూపాలి, ఎప్పుడు చూపాలి అని అందులో అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబిచ్చేటప్పుడు అతడు సంతలోనే ఉన్నాడు, సంత ధర్మాలన్నీ అతనికి వర్తిస్తాయి. తన సరుకు అవసరమైనవారిని ఎంచుకోవచ్చు గాని, తట్టుకోలేనివారిని ఎంచుకోరాదు. కొన్నది నచ్చకపోతే తిరిగి ఇచ్చే వ్యవధి పెడితే మరీ మంచిది. కొనేవారు కూడా మనసు కలతగా ఉన్నప్పుడు పెద్ద బేరం చేయక ఒక రాత్రి గడవనివ్వాలి, ఇంటివారితో సంప్రదించాలి.

ఎదుటివాని దుర్బల ఘడియను లాభంగా గాక బాధ్యతగా చూడగల మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.