గడ్డ కట్టినా గండమే, కారినా గండమే!

మా అత్తయ్యకి 72 ఏళ్లు. బీపీ, షుగర్ ఆవిడకి పాత చుట్టాలు. పోయినేడు గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. అది చాలదన్నట్టు గుండె లయ కూడా తప్పుతోందన్నారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు దాన్ని. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డ కట్టి మెదడుకి చేరిందా, పక్షవాతమే! మామూలు వాళ్లకంటే ఈ ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువ.

స్టెంట్ పూడిపోకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకోవాలి. లయ తప్పిన గుండెకి వేరే మందు. మూడూ కలిస్తే చిగుళ్ల నుంచో, కడుపులోనో రక్తస్రావం! మరి ఎవరికి ఏవి, ఎన్నాళ్లు?

అందుకే డాక్టర్లు మార్కులు వేస్తారు, బళ్లో పిల్లలకి వేసినట్టు. కాకపోతే ఇక్కడ మార్కులు పెరిగితే భయం. గడ్డ కట్టే ముప్పుకి 'చాడ్స్-వాస్క్' లెక్క. అత్తయ్యకి వయసుకి 1, బీపీకి 1, షుగర్‌కి 1, గుండె నాళాల జబ్బుకి 1. (75 నిండితే వయసుకే 2. ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే ఇంకో 2.) ఆడదైనందుకు మరొకటి! ఇక్కడా వదల్లేదు మనల్ని. 2024లో యూరప్ హృద్రోగ నిపుణుల సంఘం ఆ మార్కుని తీసేసిందనుకోండి.

రక్తస్రావానికి 'హ్యాస్-బ్లెడ్' లెక్క. అదుపు తప్పిన బీపీ, కిడ్నీ, లివర్ జబ్బులు, 65 దాటిన వయసు, మద్యం, నొప్పి మాత్రలు... ఇవన్నీ అందులోకొస్తాయి. 3 దాకా వచ్చిందంటే మందు మానెయ్యమని కాదు, మన చేతిలో ఉన్నవి సరిదిద్దుకోమని. మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకుంటామే, ఆ మాత్రే ముందు మానాల్సింది. డాక్టర్ని అడక్కుండా అది ఇంట్లోకి రానివ్వకండి.

2019లో ఫలితాలు వెలువడిన 'అగస్టస్' అనే పరిశోధన 4,614 మంది మీద జరిగింది. మిగతా రెండు మందులకీ ఆస్పిరిన్ కూడా తోడైన వాళ్లలో 6 నెలల్లో నూటికి 16 మందికి చెప్పుకోదగ్గ రక్తస్రావమైంది. ఆస్పిరిన్ లేనివాళ్లలో 9 మందికే. అందుకే ఇప్పుడు చాలామందికి ఆస్పిరిన్ వారం రోజులే. తర్వాత రెండు మందులు, ఏడాది దాటాక సాధారణంగా ఒకటే. అయితే ఏది ఎప్పుడు ఆపాలో చెప్పాల్సింది డాక్టరే. పక్కింటి పిన్నిగారు కాదు.

వార్ఫరిన్ వాడేవాళ్లు తోటకూర, పాలకూర పూర్తిగా మానక్కర్లేదు. ఒక వారం గంపెడు, ఇంకో వారం అసలు లేకుండా కాకుండా, ఎప్పుడూ ఒకే మోతాదులో తింటే చాలు. అపిక్సబాన్ లాంటి కొత్త మందులకి ఆ పేచీ లేదు.