అరుగుమీది రాజీ కాగితము

ఇంటి యజమానిని కారు గుద్ది చంపినది. పదియవ దినమైనను గడవలేదు. ఒక పెద్దమనిషి వచ్చి అరుగుమీద కూర్చుండి, జాలిగా నాలుగు మాటలాడి, సంచిలోనుండి ఒక కాగితము తీయును. “కోర్టుకు పోతే ఏళ్లు పడుతుందమ్మా. ఇదిగో, బీమా వాళ్లు నాలుగు లక్షలు ఇస్తామంటున్నారు. ఇక్కడ ఒక్క సంతకం పెట్టండి” అనును. కాగితములో “పైకము పూర్తిగా ముట్టినది, ఇకపై ఎట్టి దావాయు లేదు” అని వ్రాసియుండును.

ఆ ఘడియలో నాలుగు లక్షలు పెద్ద మొత్తముగానే తోచును. అది నిజముగా పెద్దదో కాదో తేల్చుకొనుటకు లెక్క యొకటి కలదు. దానికి పలకయు బలపమును చాలును.

మరణించినవాడు ముప్పది యెనిమిదేండ్ల దర్జీ యనుకొందము. నెలకు 12,000 రూపాయలు ఆర్జించెడివాడు. భార్య, ఇద్దరు బిడ్డలు, తల్లి అతనిపై ఆధారపడియుండిరి. ఏటి ఆర్జన 1,44,000. నలువది యేండ్లు నిండని స్వంత పనివానికి, ముందుముందు ఆర్జన పెరుగును గనుక, నూటికి 40 చేర్చవలెనని సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేఠీ కేసున నిర్ణయించినది. అప్పుడు 2,01,600 అగును. ఆధారపడినవారు నలుగురు గనుక అతని సొంత ఖర్చుక్రింద నాలుగవ వంతు తీసివేయగా 1,51,200 మిగులును. 36 మొదలు 40 ఏండ్ల వయస్సువారి విషయమున దీనిని 15 చేత హెచ్చవేయవలెనని 2009 నాటి సరళా వర్మ కేసు తీర్పు. వెరసి 22,68,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భర్తను, తండ్రిని కోల్పోయినందులకు ఇచ్చెడి సొమ్ము దీనికి అదనము. అరుగుమీది నాలుగు లక్షలు ఇందులో అయిదవ వంతైనను కావు.

ఆర్జనకు ఆధారము చూపలేకపోయినను, మృతునియందును కొంత తప్పు కలదని తేలినను ఈ మొత్తము తగ్గును. తగ్గినను బేరమునకు మన చేతిలో ఒక అంకె యుండును.

దెబ్బలు తిని బ్రతికినవారి సంగతి మరింత సున్నితమైనది. కట్టు విప్పకముందే రాజీపడినచో, చేయి పనికివచ్చునో రాదో తెలియకయే సంతకము చేసినట్లగును. నూటికి ఇంత అంగవైకల్యమని డాక్టరు వ్రాసిన అంకె యొక్కటియే చాలదనియు, ఆ వైకల్యము ఆ మనిషి జీవనోపాధిని ఎంత దెబ్బతీసినదో చూడవలెననియు 2010లో రాజ్‌కుమార్ కేసున సుప్రీంకోర్టు చెప్పినది. ఎడమ చేయి పోయిన వడ్రంగియు, ఎడమ చేయి పోయిన గుమాస్తాయు ఒక్కటి కారు గదా!

రాజీ యనినంతనే మోసమని మా భావము కాదు. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న సవరణ ప్రకారము, మోటారు వాహనముల చట్టము 149వ సెక్షను క్రింద బీమా కంపెనీ ఇందులకై ఒక అధికారిని నియమింపవలెను. కంపెనీ 30 దినములలో రాజీ ప్రతిపాదన చేయవచ్చును. మనము అంగీకరించినచో క్లెయిముల ట్రిబ్యునల్ దానిని నమోదు చేయును. ఆ నమోదు ప్రతి అందిన 30 దినములలో కంపెనీ సొమ్ము చెల్లింపవలెను. నిరాకరించినచో విచారణ జరుగును. నిరాకరించుటవలన హక్కు పోదు. కావున వచ్చినవానిని “ఈ మాట ట్రిబ్యునల్ ముందు చెప్పెదరా?” అని అడుగవలెను. నిజమైన అధికారి తడబడడు. పాలసీ నంబరుతో, కంపెనీ ముద్రతో ఉత్తరము ఇమ్మని కోరవలెను. అతడిచ్చిన ఫోను నంబరు కాక, కంపెనీ కార్యాలయపు నంబరు మనమే వెదకి విచారించుట మేలు.

కొందరు అసలు బీమావారే కారు. కారు యజమాని పంపినవారు పోలీసు కేసు వదలుకొమ్మందురు. దళారులు తమ వాటా కోరుదురు. మరికొందరు ఫోనులోనే “ముందు ఖర్చులకు కొంత కట్టుడు, ఓటీపీ చెప్పుడు” అందురు. సొమ్ము ఇచ్చెడివాడు ముందుగా మనయొద్ద సొమ్ము అడుగుటేమి? అట్టి ఫోను వలన డబ్బు పోయినచో వెంటనే 1930కి ఫిర్యాదు చేయవలెను.

“వచ్చే వారం, పై నెల” అని కాలము గడపుటయు ఒక ఉపాయమే. ప్రమాదము జరిగిన ఆరు నెలలలోపల దరఖాస్తు వేయవలెనని చట్టము చెప్పుచున్నది. ఆ గడువుపై సుప్రీంకోర్టులో వివాదము నడచినను, దానిని నమ్ముకొని ఆగుట క్షేమము కాదు. ప్రమాదము దూరదేశమున జరిగినను, మన నివాసస్థలపు ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు వేయవచ్చును. ఎఫ్.ఐ.ఆర్. నకలు, శవపరీక్ష నివేదిక, ఆసుపత్రి రసీదులు ఒకచోట భద్రపరచవలెను.

లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీపై అప్పీలు లేదు. అచ్చటికి పోవునప్పుడు పై లెక్కను వెంట గొనిపోవలెను. వకీలు ఫీజునకు జంకువారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చును. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు, వారి ఆదాయమెంతయైనను, అచ్చట న్యాయసహాయము ఉచితము. ఆ దర్జీ భార్య తన కాగితములతో నేరుగా అచ్చటికే పోయి వకీలును కోరవచ్చును.