పక్షవాతము వంశమున వచ్చునా?

“మా తాతకు వచ్చినది, తండ్రికి వచ్చినది, మాకును తప్పదు” అని పక్షవాతమును గూర్చి అనుకొనువారు నంద్యాల జిల్లా కోయిలకుంట్ల ప్రాంతములోను లేకపోలేదు. ఈ మాటలో కొంత సత్యము కలదు. “తప్పదు” అనుట మాత్రము సత్యము కాదు. ఈ భేదమును ప్రజలకు తెలియజెప్పుట పంచాయతీ సభ్యుల కర్తవ్యము.

మెదడునకు రక్తమును గొనిపోవు నాళము పూడినను, చిట్లినను పక్షవాతము కలుగును. రక్తపోటు పెరుగు స్వభావము, నాళముల దృఢత్వము మున్నగునవి కొంతవరకు జన్యువుల ద్వారా తలిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించును. అయితే ఒకే విత్తనము నల్లరేగడిలో ఒక విధముగను, చౌడునేలలో వేరొక విధముగను పండును గదా! జన్యువుల సంగతియు అట్టిదే.

శాస్త్రజ్ఞుల పరిశోధనలు

ఒక్క జన్యువు లోపము వలననే వచ్చు పక్షవాతము మిక్కిలి అరుదు. సామాన్యముగా అనేక జన్యువుల స్వల్ప ప్రభావములు కూడియుండును. 2003లో ఐస్‌లాండు శాస్త్రజ్ఞులు పి.డి.ఇ.4డి అను జన్యువునకు ఈ వ్యాధితో సంబంధము కలదని ప్రకటించిరి. పిమ్మట హైదరాబాదులోని జన్యుశాస్త్ర సంస్థ పరిశోధకులు, నిమ్స్ వైద్యులు మన రాష్ట్రపు రోగులయందును ఆ జన్యువును పరీక్షించిరి. 2022లో పలు దేశములవారు కలిసి లక్షా పదివేలకు పైగా రోగుల వివరములను పరిశీలించి, ఈ వ్యాధితో సంబంధముగల 89 జన్యుస్థానములను గుర్తించిరి.

తలిదండ్రులలో ఒకరికి 65 ఏండ్లలోపున నాళము పూడి పక్షవాతము వచ్చినచో, బిడ్డలకు అట్టి ప్రమాదము సుమారు మూడు రెట్లుండునని అమెరికాలోని ఫ్రేమింగ్‌హాం పట్టణమున జరిగిన అధ్యయనము 2010లో తెలిపినది.

అయినను నిరాశకు తావులేదు. బ్రిటనులో మూడు లక్షలకు పైగా జనులను పరిశీలించి 2018లో ప్రకటించిన ఫలితములు గమనింపదగినవి. జన్యువుల వలన ప్రమాదము అధికముగా గలవారికి, తక్కువగా గలవారికంటె నూటికి 35 వంతులు ఎక్కువగా పక్షవాతము వచ్చినది. పొగత్రాగుట, స్థూలకాయము, తగని ఆహారము, వ్యాయామలోపము గలవారికి, మంచి అలవాట్లు గలవారికంటె నూటికి 66 వంతులు ఎక్కువగా వచ్చినది. మంచి అలవాట్ల మేలు జన్యుప్రమాదము ఎక్కువగా నున్నవారికిని లభించినది.

పంచాయతీ చేయదగిన పని

పక్షవాతము వచ్చిన ఇండ్లను ఆశా కార్యకర్తల సాయముతో గుర్తించి, ఆ కుటుంబములోని పెద్దలందరికిని రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేయింపవలెను. మందులు మొదలిడినవారు, బాగున్నదని వైద్యుని అడుగకయే మానకుండ చూడవలెను. బీడీ, చుట్ట, సారాయి మానుమనియు, ఊరగాయలలోను కూరలలోను ఉప్పు తగ్గింపుమనియు బోధింపవలెను.

మూతి వంకరపోయినను, ఒక చేయి వాలిపోయినను, మాట తడబడినను పసరు మందులకై తిరుగక వెంటనే 108కి ఫోను చేయవలెను. నాళము పూడినవారికి గడ్డను కరిగించు మందు నాలుగున్నర గంటలలోపుననే ఈయవలసి యుండును. మెదడునకు స్కానింగు చేసిన పిమ్మటగాని ఆ మందు ఈయరాదు. కావున అట్టి సౌకర్యముగల ఆసుపత్రి ఏదియో గ్రామమందు ముందే తెలిసియుండుట మేలు.

జన్యువులను మార్చుకొనుట మన చేతిలో లేదు. రక్తపోటును అదుపులో నుంచుకొనుట మన చేతిలోని పని.