సవరబిడ్డయు తెలుగుబడియు

ఏటేట ఆగస్టు 29వ తేదీన మనము తెలుగు భాషాదినోత్సవమును జరుపుకొనుచున్నాము. 1863లో ఆనాడు జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పటమునకు పూలమాల వేసి, వ్యావహారిక భాషోద్యమమును స్మరించి, సభ చాలించుచున్నాము. తెలుగునకై కలము పట్టుటకు పూర్వమే పంతులుగారు మఱియొక భాషకు సేవచేసిరని చెప్పువారు అరుదు. ఆ భాష సవర.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్నకాలమున వారు, కొండలనుండి దిగివచ్చు సవరల మాట తెలియనిదే వారికి మేలుచేయుట పొసగదని గ్రహించిరి. తెలుగెఱిగిన సవర నొకనిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి. సొంత సొమ్ముతో బడులు పెట్టి, సవరబిడ్డలకు సవరలోనే చదువు చెప్పించిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను చెన్నపట్టణమున అచ్చయినవి. సవర మన ద్రావిడకుటుంబమునకు చెందినది కాదు; ముండా భాష. ఐనను పంతులుగారు దానిని పరాయి దనుకొనలేదు. ఇంటిమాటకును బడిమాటకును నడుమ అగాధ ముండరాదన్న సూత్రమును వారు మొదట సవరబిడ్డ పట్లనే ఆచరించి చూపిరి.

నేటికిని మన మన్యములలో సవర, కోయ, గోండి, కొలామి, కువి మాటలాడు కుటుంబములు వేలకొలది కలవు. ఆ యిండ్ల బిడ్డ బడిలో అడుగిడిననాడు గురువుగారి మాట అర్థముగాక మిన్నకుండును. ఆ మౌనమును మనము మందబుద్ధి యనుచున్నాము. పెరిగి పెద్దయైన పిదప కచ్చేరిలోను, ఆసుపత్రిలోను అతనికి ఆ మౌనమే గతి యగుచున్నది.

అందఱును తెలుగే నేర్చినచో ఐకమత్యము పెంపొందును గదా యని కొందఱందురు. 1948లో దార్ సంఘము భాషారాష్ట్రములు దేశైక్యమునకు హితముగావని చెప్పినప్పుడు మనము తలయూపితిమా? 1913లో బాపట్లలో తొలి ఆంధ్రమహాసభ కూడినది మొదలు 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు, స్వభాషాభిమానము దేశద్రోహము కాదని వాదించితిమి. మనము అడిగి పుచ్చుకొన్న న్యాయమును మనకంటె చిన్నవారికి నిరాకరించుట ధర్మము గాదు.

సవరబిడ్డకు తెలుగు వలదని మేము చెప్పుట లేదు. సంతకును, కచ్చేరికిని, ఉద్యోగమునకును తెలుగు కావలయును. కాని తల్లిభాష అను మెట్టెక్కి తెలుగును అందుకొన్నవాడు రెండింటను నిలద్రొక్కుకొనును. ప్రాథమిక విద్య మాతృభాషలో గఱపు వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. శాసనము కలదు, పూనిక కొఱవడినది. మన్యమునకు పంపబడు ఉపాధ్యాయుడు, వైద్యుడు, రెవెన్యూ ఉద్యోగి అచ్చటి భాషను నేర్వవలెను. మన్యపు సంతలలో బేరసారములు చేయు మన వర్తకులును, అచ్చట భూములుగల మన రైతులును నాలుగు మాటలైన నేర్చుట మర్యాద.

రాబోవు ఆగస్టు 29న పంతులుగారి పటమునకు మాల వేయుడు. ఆ సభకు ఒక సవరబిడ్డను పిలిచి, తన భాషలో మాటలాడుమనుడు. వినుట మన వంతు.