చేవ, పీచు, మేకు: పాత వస్తువుల వయసును పట్టించే సాక్ష్యాలు

వేలంపాటలో ఒక పాత చెక్క బీరువాకు గాని, శతాబ్దాల నాటి శాస్త్రగ్రంథానికి గాని పలికే ధర దాని అందంతోపాటు, అది ఎప్పుడు, ఎక్కడ, ఏ పదార్థంతో తయారైందో నిరూపించగల సాక్ష్యం ఎంత మిగిలి ఉందన్న దానిపైన కూడా ఆధారపడుతుంది. ఆ సాక్ష్యం చెక్క నారలో, మేకు తలలో, కాగితపు పీచులో నిక్షిప్తమై ఉంటుంది. పామూరు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వంటి ప్రాంతాలలో పాత మిద్దెలను పడగొట్టేటప్పుడు బయటపడే భోషాణాలు, గోడ అల్మరాలు, పుస్తకాల పెట్టెలను అమ్మేముందు చిత్రిక పట్టించి, రంగు వేయించి కొత్తవాటిలా చేయడం మామూలే గాని, ఆ మెరుగు వల్ల పోయేది మురికి ఒక్కటే కాదు, వస్తువు వయసును చెప్పగల గుర్తులు కూడా.

విశాఖలో తయారై లండన్ చేరిన బీరువాలు

తెలుగు నేలపై తయారై ప్రపంచ వేలంపాటల్లో ప్రత్యేక స్థానం సంపాదించుకున్న చెక్క సామానులో విశాఖపట్నం పనితనం ముందు వరుసలో ఉంటుంది. వాలుగా ఉన్న మూతను ముందుకు దించితే రాత బల్లగా మారి, లోపల చిన్న చిన్న అరలు, కింద సొరుగులు కలిగి ఉండే సామానును బ్యూరో అంటారు. దాని మీద తలుపుల బీరువా కూడా అమర్చితే బ్యూరో క్యాబినెట్ అవుతుంది. 18వ శతాబ్దిలో విశాఖ వడ్రంగులు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల కోసం ఇంగ్లీషు నమూనాలను అనుసరించి వీటిని తయారుచేశారు. మొదట జిట్టేగి, టేకు వంటి కలపలో దంతపు ముక్కలు పొదిగేవారు; తరువాతి కాలంలో చెక్క పైభాగమంతటినీ పల్చని దంతపు రేకులతో కప్పి, వాటిపై పూలతీగలను, భవన దృశ్యాలను గీతలుగా చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపే పద్ధతి వాడుకలోకి వచ్చింది.

ఈ సామాను వేలానికి వెళ్లడం కొత్త సంగతి కాదు. 1773 నుంచి 1775 వరకు మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ 1781లో మరణించాక ఆయన ఆస్తిని క్రిస్టీస్ సంస్థ వేలం వేయగా, అందులోని దంతపు కుర్చీలు తదితర సామానును బ్రిటన్ రాజు మూడవ జార్జి తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు.

ఇటువంటి వస్తువులో పొదిగినది నిజంగా ఏనుగు దంతమా, లేక ఎముకా, ప్లాస్టిక్కా అన్నది తేల్చడానికి భూతద్దం చాలు. ఎముకలో రక్తనాళాలు పోయిన సన్నని గొట్టాలు ఉంటాయి గనుక దాని ముఖం మీద నల్లని చుక్కలు, గీతలు కనిపిస్తాయి. దంతాన్ని అడ్డంగా కోసిన ముఖం మీద మాత్రం ఒకదానినొకటి ఖండించుకునే వంపు గీతలుంటాయి. వాటిని ష్రేగర్ గీతలంటారు. దంతపు వెలుపలి అంచు దగ్గర ఈ గీతలు కలిసే కోణం నేటి ఏనుగుల్లో 115 డిగ్రీలకు మించి, అంతరించిన మామత్ జాతిలో 90 డిగ్రీలకు లోపు ఉంటుంది. అచ్చు పోసిన ప్లాస్టిక్కులో ఈ అల్లిక రాదు.

చెక్క చెప్పే సాక్ష్యం

చెట్టు కొట్టేశాక కూడా చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది గనుక వానాకాలంలో ఉబ్బి, వేసవిలో కుంచించుకుపోతుంది. అయితే ఈ కుదింపు అన్ని దిశల్లోనూ ఒకే తీరుగా ఉండదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి, మాను నడిమి నుంచి బెరడు వైపు సాగే దిశలో సుమారు 2.5 శాతం, వృద్ధి వలయాల వెంబడి సుమారు 5.8 శాతం కుంచించుకుంటుంది. నిలువు నార వెంట కలిగే మార్పు లెక్కలోకి రానంత తక్కువ. అందువల్ల ఎప్పుడో గుండ్రంగా కోసిన బల్ల పలక కాలక్రమంలో కొద్దిగా కోలగా మారుతుంది. 90 సెంటీమీటర్ల వ్యాసమున్న పలక నారకు అడ్డంగా ఒక్క శాతం కుంచించుకున్నా, ఆ వైపు కొలతలో 9 మిల్లీమీటర్లు తగ్గుతుంది. పాతదని చెబుతున్న పలకను టేపుతో రెండు దిక్కులా కొలిచినప్పుడు కచ్చితమైన వృత్తం కనిపిస్తే, దాని వయసును అనుమానించవలసి ఉంటుంది. వేసవి తీవ్రంగా ఉండే పశ్చిమ ప్రకాశం వంటి మెట్టప్రాంతంలో తలుపు పలకలు పగలకుండా పాత వడ్రంగులు వాటిని చట్రం గాడిలో జిగురు లేకుండా వదులుగా అమర్చడానికి కారణం కూడా ఈ కుదింపే.

పనిముట్లు వదిలిన జాడలు మరో సాక్ష్యం. ఇద్దరు మనుషులు పైనా కిందా నిలిచి లాగిన రంపం చెక్కపై దాదాపు సూటిగా, ఎగుడుదిగుడు ఎడాలతో గీతలు వదిలితే, యంత్రపు గుండ్రని రంపం వంపు తిరిగిన గీతలు వదులుతుంది. కమ్మరి కొట్టిన మేకు కాండం చదరంగా ఉంటుంది. గుండ్రని తీగ మేకులు 19వ శతాబ్ది చివరకు గాని విరివిగా రాలేదు. మరచీలల్లో మొన తేలినవి ఆ శతాబ్ది మధ్యకాలం తరువాతివి; అంతకు ముందువి చివర మొద్దుగా ఉంటాయి. అయితే మరమ్మతులో మేకులు మారిపోవచ్చు గనుక ఏ ఒక్క గుర్తూ తీర్పు కాజాలదు. అన్ని గుర్తులూ ఒకే కాలాన్ని చూపితేనే నిర్ధారణకు బలం.

పురుగు తొలిచిన రంధ్రాలను చాలామంది పాతదనానికి రుజువుగా చూపుతారు గాని, అవి కొన్నిసార్లు మోసాన్నే బయటపెడతాయి. చెక్కను పొడి చేసే పెంకుపురుగు పిల్ల లోపల వంకరటింకరగా తొలుచుకుంటూ తిరిగి, ఎదిగాక గుండ్రని చిన్న రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. కాబట్టి పైముఖం మీద రంధ్రాలు మాత్రమే కనిపించాలి. అలా కాక సొరంగాలు కాలువల్లా తెరుచుకుని పొడవునా కనిపిస్తే, పురుగు పట్టిన పాత చెక్కను ఆ తరువాత కోసి వాడారని అర్థం. ఈ పురుగులు ఎక్కువగా బెరడును ఆనుకుని, పిండిపదార్థంతో ఉండే పైచెక్కనే ఆశిస్తాయి. నల్లమలలో పెరిగే టేకు చేవలో, అంటే మాను లోపలి గట్టి చెక్కలో, టెక్టోక్వినోన్ వంటి సహజ రసాయనాలు ఉన్నందున అది చెదలకు తేలికగా లొంగదు. అదే చెట్టు పైచెక్కకు ఆ రక్షణ లేదు.

వయసును కొలిచే రేడియో కార్బన్ పరీక్షకు కూడా ఒక పరిమితి ఉంది. 17వ శతాబ్ది మధ్య నుంచి 20వ శతాబ్ది మధ్య వరకు వాతావరణంలోని రేడియో కార్బన్ ఎగుడుదిగుళ్ల వల్ల ఒకే కొలత పలు కాలాలకు సరిపోతుంది. అణుపరీక్షల మూలంగా ఆ కార్బన్ హఠాత్తుగా పెరిగిన 1950ల తరువాతి దంతాన్ని, చెక్కను మాత్రం ఈ పరీక్ష తేలికగా పట్టేస్తుంది.

కాగితం చెప్పే సాక్ష్యం

తెలుగు తీరాన్ని గురించిన పాత శాస్త్రగ్రంథాల్లో వేలందారులు విలువైనవిగా ఎంచేవి రెండున్నాయి. పాట్రిక్ రస్సెల్ 1796లో ప్రచురించిన కోరమాండల్ తీరపు పాముల గ్రంథం మొదటిది. కట్లపాముల ప్రజాతికి నేటికీ నిలిచిన ‘బంగారస్’ అన్న పేరుకు మూలం అందులో ఆయన నమోదు చేసిన స్థానిక నామమే. సామర్లకోటలో పరిశోధనలు చేసిన విలియం రాక్స్‌బర్గ్ రచించి, 1795 నుంచి 1820 వరకు లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడిన కోరమాండల్ మొక్కల గ్రంథం రెండవది. దానిలో 300 బొమ్మలున్నాయి. బొమ్మలను కోసి విడిగా అమ్ముకోవడం వ్యాపారంలో ఉన్నదే గనుక, ఇటువంటి పుస్తకానికి బొమ్మల లెక్క సరిచూశాకే ధర కడతారు.

రాగిరేకుపై చెక్కి అచ్చువేసిన బొమ్మ చుట్టూ, రేకు అంచు ఒత్తుకున్న పల్లం కాగితంపై వేలికి తగులుతుంది. భూతద్దంలో గీతలు తెగకుండా కనిపిస్తాయి. బొమ్మ చిన్న చిన్న చుక్కలుగా విడిపోతే అది ఇటీవలి నకలు.

రెండు శతాబ్దాలు దాటిన ఇటువంటి పుస్తకాల కాగితం తరచుగా దృఢంగా నిలిచి ఉండగా, నూరేళ్లయినా నిండని తెలుగు పుస్తకాలు చేతిలో పొడి కావడానికి కారణం రసాయన శాస్త్రంలో ఉంది. అప్పటి కాగితం నూలు, నార గుడ్డ పీలికల నుంచి తయారయ్యేది. అందులోని సెల్యులోజ్ గొలుసులు పొడవైనవి. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో చెక్క గుజ్జు వాడుకలోకి రావడంతో వెలుతురుకు పసుపెక్కే లిగ్నిన్ కాగితంలో చేరింది. సిరా పీల్చుకోకుండా కలిపిన పటిక, రోజిన్ (చెట్టు బంక) మిశ్రమం వల్ల కాగితంలో ఆమ్లం పుట్టి, తేమ తోడై, సెల్యులోజ్ గొలుసులను ముక్కలు చేస్తుంది. 1918లో స్థాపితమైన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలకు ఆ కాలపు ముద్రణలను కాపాడుకోవడం పెద్ద పని కావడానికి కారణం ఇదే.

కాపాడుకోవడం, అమ్ముకోవడం

పాత చెక్కకు ఇసుక కాగితం పట్టించినా, పుస్తకాన్ని అంటుటేపుతో అతికించినా, ప్లాస్టిక్ పొరల మధ్య లామినేషన్ చేయించినా నష్టమే ఎక్కువ. అంటుటేపు జిగురు కాలక్రమంలో పీచులోకి ఇంకి మచ్చగా మిగులుతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులపడం, గోడకు జానెడు దూరంలో గాలి ఆడేలా ఉంచడం, ఎండ నేరుగా పడకుండా చూడడం, ఆమ్లం లేని కాగితంలో చుట్టడం చాలావరకు సరిపోతాయి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన చారిత్రక వస్తువులు, శాస్త్ర, సాహిత్య, చారిత్రక విలువ ఉన్న రాతప్రతులైతే 75 ఏళ్లు నిండినవి పురావస్తువులవుతాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు అవసరం. వాటిని విదేశాలకు పంపే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు. దేశంలో ఏనుగు దంతం వ్యాపారం నిషిద్ధం. బ్రిటన్‌లోనూ 2018 నాటి చట్టం 2022 జూన్‌లో అమలులోకి వచ్చాక, దంతం ఉన్న పాత సామాను అమ్మకాలు పరిమితమైన మినహాయింపులకే లోబడ్డాయి. 1918కి ముందు తయారై, అత్యున్నత కళావిలువ ఉన్నదని నిపుణులు ధ్రువీకరించిన వస్తువు వాటిలో ఒకటి. విశాఖ బ్యూరోకైనా, పామూరులోని ఒక ఇంటి భోషాణానికైనా వయసు ధ్రువీకరణ దాని అసలు మేకులు, అసలు ఉపరితలం, అసలు అతుకులు మిగిలి ఉన్నప్పుడే సాధ్యమవుతుంది గనుక, అమ్మదలచినవారు వడ్రంగి కంటే ముందు నిపుణుడికి చూపించడం లాభదాయకం.