కొవ్వు పంపే కబురు, రాజధాని చేసే జాగు

ఊబకాయం గురించి రాజధానిలో ఉపదేశాలకు కొదవ లేదు. 2025 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ ఆకాశవాణి ప్రసంగంలో, వంటనూనె వాడకాన్ని 10 శాతం తగ్గించుకోవలసిందిగా ప్రజలకు విజ్ఞప్తి చేశారు. అయితే ఇది కేవలం వ్యక్తుల నిగ్రహానికి సంబంధించిన సమస్యేనా? విజ్ఞానశాస్త్రం చెబుతున్నది వింటే ఆ మాట అనటానికి నోరు రాదు.

కొవ్వు ఒంట్లో ఊరక పడివుండే నిలవసరుకు అన్న భావన 1994తో చెదిరిపోయింది. ఆ ఏడాది న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ హార్మోనును కనుగొన్నది. కొవ్వు కణజాలం కూడా ఒక గ్రంథివలె రక్తంలోకి కబుర్లు పంపుతుందని తేలింది. కొవ్వు పెరిగిన కొద్దీ లెప్టిన్ పెరుగుతుంది. అడిపోనెక్టిన్ అనే మరొక హార్మోను మాత్రం తగ్గిపోతుంది.

ఈ కబుర్లు అందుకొనేవాటిలో రక్తనాళాలను బాగుచేసే కణాలు కూడా ఉన్నాయి. రక్తంలో సంచరించే ఈ కణాలను 1997లో తకయుకి అసహారా బృందం వెల్లడించింది. ఇవి స్వయంగా నాళపు గోడగా మారటంకంటె, మరమ్మతుకు తోడ్పడే పదార్థాలను స్రవించటమే ఎక్కువని తరువాతి పరిశోధనలు సూచించాయి. అడిపోనెక్టిన్ వీటికి ఊతమిస్తుంది. లెప్టిన్ కూడా ఉత్తేజపరచగలదు. కాని ఊబకాయంలో అది ఎంత పిలిచినా కణాలు సరిగా పలకవు. నాళాలకు దెబ్బ తగులుతూనే ఉంటుంది, బాగుచేసేవారు తగ్గిపోతారు. గుండెజబ్బుకు దారి తీసే మార్గాలలో ఇది ఒకటి. బరువు తగ్గినవారిలో ఈ కణాలు తిరిగి కోలుకోవటం కనిపించింది.

మనకు ఇంకొక చిక్కు ఉన్నది. పుణే వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువును కొలిచే సూచిక ఇద్దరికీ 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! బక్కపలుచని భారతీయుని కొవ్వును తూకపురాయి పట్టుకోలేదన్నమాట. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్కల ప్రకారం, దేశంలో వయోజనులలో సాధారణ ఊబకాయం 28.6 శాతం కాగా, పొట్ట ఊబకాయం 39.5 శాతం.

మరి ప్రభుత్వం తనవంతుగా చేసినదేమిటి? ఆహార పొట్లాలమీద ఆరోగ్య నక్షత్రాలు ముద్రించాలన్న ముసాయిదా 2022 సెప్టెంబరులో వెలువడింది. 2025 ఏప్రిల్ నాటికీ అది ఖరారు కాలేదు. చివరకు సుప్రీం కోర్టు మూడు నెలల గడువు విధించవలసి వచ్చింది.

నూనె తగ్గించుకొమ్మని పౌరునికి చెప్పటం సులభం. పొట్లంలో ఏమున్నదో చెప్పమని వ్యాపారిని శాసించటం కష్టం. అయితే రక్తనాళాలు ముసాయిదాల కోసం ఆగవు.